మూడు బస్తాలు, ఒకటే మేకు

రాయ్‌పూర్ తెలుగువాళ్ళలో లాడాల బాబాయి అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆయన గురించి ఒక మాట కూడా అందరికీ తెలుసు. మిలిటరీకి ఇచ్చిన మేకుల్ని చెడగొట్టాడు, అందుకే సరుకిచ్చేవాళ్ళ జాబితాలోంచి పేరు కొట్టేశారు అని. ఆ మాట అబద్ధం. అబద్ధమని మొదట్నుంచీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళిళ్ళలో, సంఘం సభల్లో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తితే నేను వింటూ కూర్చునేవాణ్ణి. ఒకటి రెండుసార్లు తల కూడా ఊపాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుఢియారీ పేటలో రైలు పట్టాలకి ఇవతల ఇల్లు తీసుకున్నాడు. బాబాయిదీ అటువైపే. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. పరాయి ఊళ్ళో మన మాట వినిపించగానే నాన్నా ఆయనా అన్నదమ్ముల వరస కలుపుకున్నారు, ఆ లెక్కన నాకు బాబాయి. ఆరంగ్ నుంచి వడ్ల బళ్ళు తోలుకొచ్చే రైతులు ఆయన షెడ్డు ముందు ఎడ్లని ఆపేవాళ్ళు. తారురోడ్డు మీద నడిచే ఎద్దుకి గిట్ట అరిగిపోకుండా ఇనప లాడం కొట్టాలి. ఎద్దుని ఒరిగించి పడుకోబెట్టి, కాళ్ళు కలిపి కట్టి, లాడం చిల్లుల్లోంచి గిట్టలోకి మేకులు దిగ్గొట్టేవాడు. గిట్ట పక్కనుంచి మొన బయటికి వస్తుంది. దాన్ని వంచి గిట్టకి ఆనించి నొక్కాలి. అప్పుడే లాడం ఊడకుండా ఉంటుంది.

అంటే లాడం మేకు గట్టిగా ఉంటే చాలదు, వంగాలి. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో, నేను చేసిన మేకుని పట్టుకారుతో ఇటూ అటూ వంచి చూసేవాడు. అది పుటుక్కుమంటే నా ఒళ్ళోకి విసిరేవాడు.

"గట్టి మేకు ఎవుడైనా సేస్తాడ్రా. వంగేది సెయ్యి, సూద్దాం."

ఊచని చల్లగా ఉండగానే ప్రెస్సులో వేసి మేకు కొడితే ఇనుము బిగుసుకుపోతుంది. దాన్ని మళ్ళీ మెత్తబరచాలి. మేకుల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, గుంటలో వేసి, మీద బూడిద దట్టంగా కప్పి, తెల్లారేదాకా కదపకుండా వదిలేయాలి. నిదానంగా చల్లారితేనే వంగే గుణం వస్తుంది. ఆ పని బాబాయి చేసినట్టు గుఢియారీలో ఇంకెవరూ చేయలేరు. బూడిద మీద చెయ్యి పెట్టి, ఇంకా ఎంతసేపు ఉంచాలో చెప్పేవాడు.

ఎనభైల మొదట్లో మిలిటరీ ఆర్డరు వచ్చింది. కొండల మీద బళ్ళు పోలేని చోట్లకి సామాను మోసేది కంచరగాడిదలు. వాటికి లాడాలూ మేకులూ కావాలి. అప్పటికి మా సందులో ఇనప పని చేసే తెలుగువాళ్ళ షెడ్లు మూడున్నాయి. ఒకటి బాబాయిది, ఒకటి మా అక్క మొగుడిది, మూడోది నాది. ముగ్గురం శాంపిళ్ళు పంపాం. కొనుగోలు ఆఫీసునుంచి ఒక అధికారి చూడటానికి వచ్చాడు. పొట్టి మనిషి, ఎండకి తట్టుకోలేక జేబురుమాలు తడిపి మెడకి చుట్టుకున్నాడు. మూడు షెడ్లూ తిరిగి, ముగ్గురివీ బాగున్నాయని, ఆర్డరుని మూడు భాగాలు చేస్తానన్నాడు.

నాకు నచ్చలేదు. నా ప్రెస్సు కొత్తది. మొత్తం నాకే ఇస్తే త్వరగా చేసిస్తానన్నాను.

ఆయన నవ్వాడు. "మీ ముగ్గుర్లో ఎవరు గొప్పో తేల్చడానికి రాలేదు బాబూ. ఒకడికి జబ్బు చేస్తుంది. ఒకడి షెడ్డుకి నిప్పంటుకుంటుంది. ఒకడికి సరుకు దొరకదు. ముగ్గురికీ ఒకేసారి జరగదు కదా. కొండ మీద ఉన్న జవానుకి మీలో ఎవరో ఒకరి బస్తా అందాలి. అందుకే ముగ్గురు."

ఆ మాట మాకు అర్థం కాలేదని చెప్పలేను. అర్థమైంది. కానీ మా సందు నడిచే తీరు వేరు.

మా సందులో చేబదులు అనేది ఊపిరి పీల్చుకున్నంత మామూలు. ఉప్పూ పప్పూ మాట అటుంచితే, సమ్మెట, బొగ్గు, గ్రైండర్ రాయి, చివరికి పనివాడు కూడా ఒక షెడ్డునుంచి ఇంకో షెడ్డుకి వెళ్ళేవి. ఎవరూ రాసుకునేవాళ్ళు కాదు. చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఊళ్ళో తెలుగింటివాళ్ళం ఒకరికొకరం ఆసరా అనుకునేవాళ్ళం. లేదు అన్నవాణ్ణి సందంతా వింతగా చూసేది. అందుకని మొదటి ఏడాదే బావ ప్రెస్సు పాడైతే, అతని వాటా మేకులు నేను కొట్టి ఇచ్చాను. ఆ తర్వాత అతను ప్రెస్సు బాగుచేయించుకోలేదు. నా కొలిమి చిన్నది, కాల్చడానికి బాబాయి కొలిమికి పంపేవాణ్ణి. తర్వాత నా కొలిమి ఆర్పేశాను. బావ లాడాలు సాగగొట్టడంలో చెయ్యి తిరిగినవాడు, ఎక్కువ లాడాలు అతనే చేసేవాడు. రెండేళ్ళు తిరక్కుండానే ముగ్గురి మేకులూ నా ప్రెస్సులో పుట్టి, బాబాయి కొలిమిలో కాలి, మూడు రకాల ముద్రలున్న బస్తాల్లోకి వెళ్ళడం మొదలైంది. బయట బోర్డులు మూడు. లోపల మాత్రం ఒకటే దుకాణం.

బాబాయికి ఇది నచ్చేది కాదు. ఒకసారి బస్తాలు కుడుతుంటే అన్నాడు, "ఆళ్ళు ముగ్గుర్ని అడిగినారు. మనం ఒకణ్ణి ముక్కలు సేసి ఇస్తన్నాం."

బావ నవ్వేశాడు. "ముక్కలైనా మనవాళ్ళమే కదా బాబాయ్. నీ ఇంట్లో పులుసు, మా ఇంట్లో అన్నం. కడుపు నిండిందా లేదా?"

"తినేది మనం కాదురా, గాడిదలు."

"గాడిదలకి తెలుగోళ్ళ షెడ్లు ఎన్నో తెలుస్తుందా?" అన్నాను నేను. అందరం నవ్వాం. బాబాయి కూడా నవ్వాడు. వాదించడం ఆయనకి రాదు. పైగా కాదంటే చేబదులు కాదన్నట్టు అవుతుంది.

చెడింది ఒక వానాకాలంలో. మాకు మెత్తని ఊచ భిలాయ్ దారిలో ఉన్న ఒక మిల్లునుంచి వచ్చేది. ఆ మిల్లు మరమ్మతుకని మూసేశారు. దసరా లోపు సరుకు పంపాలి, తర్వాత మంచు పడి కొండదారులు మూసుకుపోతాయని మిలిటరీవాళ్ళు గట్టిగా చెప్పారు. ఊచ కోసం తిరిగి తిరిగి చివరికి ఇంకో మిల్లులో తెచ్చాను. అది పాత రైలు పట్టాల్ని కాల్చి సాగదీసి చేసిన ఊచ. పట్టా ఇనుము జాతే వేరు, చాలా గట్టిది. గేట్లకీ కిటికీ చువ్వలకీ పనికొస్తుంది. మేకుకి పనికిరాదు. చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.

నాకు తెలియక చేసింది కాదు. మొదటి రోజే ప్రెస్సులో చప్పుడు మారింది. మెత్తని ఊచ అయితే దబ్‌మంటుంది, ఇది ఖంగుమంది. అచ్చులు తొందరగా అరిగిపోయాయి. నేను చేసిందల్లా ఆ చప్పుడు వినకుండా ఇంకో పని చూసుకోవడం. ఇందులో మిగిలేది కూడా పెద్దగా ఏం లేదు. ఆలస్యమైతే ఆర్డరు పోతుందని భయం, అంతే. ఇంకో సంగతి, ముగ్గురి ఊచా తెచ్చే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. దొరకలేదని చెప్పడం నామోషీ అనిపించింది. మేం నిజంగా ముగ్గురం అయ్యుంటే, నేను చేతులెత్తేసినా బావ ఒక చోట, బాబాయి ఇంకో చోట వెతుక్కునేవాళ్ళు. ఎవరో ఒకరికి మంచి ఊచ దొరికేది.

ఊచ కట్టల్ని బావ షెడ్డు గోడవారన గోనెసంచులు కప్పి పెట్టాను. ఇదేంటని అతనడిగితే గేట్ల పనికన్నాను.

బాబాయికి అప్పుడు జ్వరం. టైఫాయిడ్ అన్నారు. అయినా దుప్పటి కప్పుకుని కొలిమి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను మేకుల బుట్టలు దింపించాను. ఆయన ఒక మేకు చేతిలోకి తీసుకుని గోటితో మీటాడు.

"ఊస ఎప్పుడిదేనా?" అన్నాడు.

"ఎప్పటిదే బాబాయ్."

"మోత తేడాగుంది."

"జ్వరంలో చెవులు గింగురుమంటాయి. నీకన్నీ తేడాగానే ఉంటాయి," అన్నాను. పక్కనున్న పనివాళ్ళు నవ్వారు. బాబాయి మేకుని బుట్టలో పడేశాడు.

బాబాయికి నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. దాని పక్కన వేసిన హాస్యం అంతకంటే చెడ్డది. నిజం చెప్పి ఉంటే ఆ ఊచ వద్దనేవాడు. లేదా రెండు రాత్రులు బూడిదలో ఉంచి, తీసి వంచి చూసి, పనికిరాకపోతే అన్నీ పారబోసేవాడు. నా మాట నమ్మి ఎప్పటిలాగే కాల్చాడు, ఎప్పటిలాగే బూడిద కప్పాడు. పొద్దున్న లేచి వంచి చూడటానికి ఆయనకి ఓపిక లేదు. నేనే చూస్తానన్నాను. చూడలేదు. బస్తాల్లో పోయించి, కుట్టించి, రైలెక్కించాను.

చలికాలం వెళ్ళాక ఆ పొట్టి అధికారి మళ్ళీ వచ్చాడు. వెంట ఒక సైనికుడున్నాడు. కంచరగాడిదలకి లాడాలు కొట్టేవాడు, నాల్‌బంద్ అంటారు. పెద్ద మీసాలు, పగిలిన పెదాలు. ముగ్గుర్నీ బాబాయి షెడ్డుకి పిలిపించారు. నాల్‌బంద్ సంచీలోంచి గుప్పెడు మేకులు తీసి దిమ్మ మీద పోశాడు. ఒకటి పట్టుకారుతో వంచాడు. టక్‌మని విరిగింది. ఇంకోటి వంచాడు. అదీ విరిగింది.

అతను హిందీలో, మమ్మల్ని ఆటపట్టిస్తున్నట్టు చెప్పాడు. "మొదటి బస్తా విప్పాను, టక్. సరే, ఈ కంపెనీవాడు దొంగ, ఇంకా రెండు కంపెనీలున్నాయిగా అనుకున్నాను. రెండోది విప్పాను, టక్. మూడోది విప్పేముందు మా హవల్దార్ బస్తాకి దండం పెట్టాడు. బొట్టు పెట్టడమొక్కటే తక్కువ. అదీ టక్. అప్పుడు మాకు నవ్వొచ్చింది సాబ్. కడుపు పట్టుకుని నవ్వాం. అక్కడ ఇంకేం చేస్తాం?"

బావ విరిగిన ముక్క ఒకటి తీసి చూసి, మళ్ళీ దిమ్మ మీద పెట్టాడు.

"లాడాలు లేని గాడిద రాళ్ళలో ఎంత దూరం నడుస్తుంది? గిట్టలు చీలిపోయాయి. కొండపైన కాపలా చౌకీకి కిరసనాయిలు మేమే వీపుల మీద మోశాం. దారిలో మంచు మొదలైంది. మావాడొకడికి కాలివేళ్ళు తీసేశారు." బావ వైపు చూశాడు. "మీ మేకులు మాత్రం మెరుస్తున్నాయి భాయ్. మెళ్ళో వేసుకోవచ్చు."

అధికారి మూడు బస్తాల మేకుల్నీ పక్కపక్కన పెట్టాడు. మూడింటి తలల మీదా ఒకే చోట ఒకే సన్నని గీత ఉంది. నా ప్రెస్సు అచ్చులోని గీత అది. "ముగ్గురూ వేర్వేరుగా చేశామని చెప్పారు," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎవరు చేశారు?"

నేను వెంటనే చెప్పాను. "కొట్టింది నా ప్రెస్సులో సాబ్. కాల్చింది ఈయన కొలిమిలో. ఆ వారం ఈయనకి జ్వరం."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఎవరు ఎప్పుడు తిరగేసినా నిలబడే మాటలు. ఇన్నేళ్ళు నేను ఆ మాటల చాటునే బతికాను.

అధికారి బాబాయి వైపు తిరిగాడు. "నిజమేనా?"

"జ్వరం నిజమే సాబ్," అన్నాడు బాబాయి. "బూడిద కప్పినట్టే గుర్తు. సరిగ్గా కప్పానో లేదో చెప్పలేను."

బావ కల్పించుకుని, "మనిషి స్పృహలో లేడు సాబ్, పాపం ముసలాయన," అన్నాడు. సాయం చేస్తున్నాననుకున్నాడు. నేను చెప్పిందే అతనికీ తెలుసు, అంతకుమించి తెలియదు. ఆ మేకుల్ని ఎక్కడికైనా పంపి ఇనుముని పరీక్ష చేయించి ఉంటే ఊచ సంగతి తెలిసిపోయేది. చేయించలేదు. చేతికి దొరికిన కారణం వాళ్ళకి సరిపోయింది. బావనీ నన్నూ హెచ్చరించి వదిలేశారు, ఎవరి సరుకు వారే చేయాలని షరతు పెట్టారు. బాబాయి పేరు కొట్టేశారు.

ఆ తర్వాత నేను సొంత కొలిమి కట్టుకున్నాను. బాబాయి వాటా నాకే వచ్చింది. సిల్తారాలో పారిశ్రామికవాడ పడ్డాక అక్కడ పెద్ద షెడ్డు వేశాను. ఊచ రెండు మిల్లులనుంచి తెప్పిస్తాను, ఒకటి ఆగితే ఇంకోటి ఉండాలని. రెండు మిల్లులూ ఒకే చోట పాత ఇనుము కొంటున్నాయేమో కూడా అడిగి తెలుసుకుంటాను. ఆ అధికారి మా గుమ్మాల మీద బోర్డులు లెక్కపెట్టి ముగ్గురనుకున్నాడు. బోర్డులు ఎన్ని ఉన్నా, వెనక ఊచ ఒకటే అయితే ఉన్నది ఒక్కడే. ఈ సంగతి నాకు ఎవరి కాలివేళ్ళ ఖర్చుతో తెలిసిందో ఆ మనిషి పేరు కూడా నాకు తెలియదు. ఎవర్నడగాలో కూడా తెలియదు.

బాబాయి కొలిమి మళ్ళీ వెలిగించలేదు. కొన్నాళ్ళకి షెడ్డు అమ్మేసి, టాటీబంధ్ కూడలిలో లారీలవాళ్ళకి తాళ్ళూ, టార్పాలిన్ కొక్కేలూ అమ్మే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఇనుము అమ్ముతాడు, చేయడు. వయసైపోయిందని అందరూ అనుకున్నారు.

పోయినేడు సరిహద్దు కొండల మీద యుద్ధం జరిగినప్పుడు, టీవీలో ఒకరోజు కంచరగాడిదల వరస చూపించారు. వీపుల మీద పెట్టెలు, సన్నని దారి, పక్కన లోయ. మా ఇంట్లోవాళ్ళు సైనికుల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను గిట్టలు చూస్తున్నాను. అవి నా లాడాలే కావచ్చు, కాకపోవచ్చు. లేచి బయటికి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత టాటీబంధ్ వెళ్ళాను.

బాబాయికి అంతా చెప్పాను. ఊచ ఎక్కడ తెచ్చానో, ఎందుకు తెచ్చానో, ఆయన అడిగితే ఏమన్నానో. ఆయన కొక్కేలు సైజుల వారీగా వేరు చేస్తున్నాడు. నేను చెప్పినంతసేపూ చేస్తూనే ఉన్నాడు.

"పట్టా ఊసా?" అన్నాడు చివరికి.

"అవును."

"మోత తేడాగుందని నానన్నాను కదా?"

"అన్నావు బాబాయ్."

"మరైతే నా సెవులు బాగానే ఉన్నాయి." కొక్కేలు వదిలేశాడు. "ఒరే, నాను బూడిద సరిగ్గా కప్పలేదనుకున్నాన్రా ఇన్నాళ్ళూ. అంత జెరంలో నాకెందుకు, పడుకోవాల్సింది, ఎవుడి కాలేళ్ళో తీయించేసినాను అనుకున్నాను. మీ పిన్ని పోయేముందు కూడా అదే అడిగినాను, ఆ రాత్రి నాను బూడిద కప్పడం నువ్వు సూసినావా అని. దానికి గుర్తు లేదంది."

క్షమించమన్నాను. ఆయన అది విన్నట్టు లేదు.

"నాకు సెప్పినావు, సరే. నాను సెడగొట్టినానన్నోళ్ళకో?"

తెలుగు సంఘంవాళ్ళు సైనికుల కోసం విరాళాలు పోగుచేసి సభ పెట్టారు. మిలిటరీకి సరుకిచ్చేవాడినని నన్ను వేదిక ఎక్కించారు. బాబాయిని కూడా రమ్మన్నాను. వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. మైకు దగ్గర నిలబడి, "అప్పట్లో మేకులు చెడింది నా వల్ల, బాబాయి వల్ల కాదు. ఆయన తప్పేమీ లేదు," అని చెప్పాను.

ముందు వరసలోంచి ఎవరో "వాహ్!" అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. సంఘం అధ్యక్షుడు మైకు అందుకుని, పెద్దాయన పేరు నిలబెట్టడానికి తప్పు తన నెత్తిన వేసుకున్న ఇలాంటి మనిషి మన మధ్య ఉండటం అదృష్టమన్నాడు. అతిథి కోసం తెచ్చిన దండ నా మెడలో వేశాడు. కాదండీ, నిజంగానే నేనే, అన్నాను. ఆ మాటకి చప్పట్లు ఇంకా పెరిగాయి. వెనక్కి చూస్తే బాబాయి కుర్చీ ఖాళీగా ఉంది.

మర్నాడు దుకాణానికి వెళ్తే ఆయన తలెత్తలేదు. "బాగుంది. ఇంతవరకూ నీకు సిల్తారాలో షెడ్డొకటే ఉండేది. ఇప్పుడు సంస్కారం కూడా వచ్చింది."

"నేను నిజమే చెప్పాను బాబాయ్. వాళ్ళు నమ్మకపోతే..."

"ఏటి సెప్పినావు? నా వల్ల అన్నావు. నీ వల్ల అంటే ఏటి? దండ వేయించుకోడానికి సరిపోయే మాట అది. పట్టా ఊస అని సెప్పినావా? నానడిగితే నువ్వేటన్నావో సెప్పినావా? వంచి సూస్తానని సూడలేదని సెప్పినావా?"

చెప్పలేదు. సభలో ఆ వివరాలెందుకనుకున్నాను. నిజానికి, ఆ వివరాలు చెప్తే నన్ను ఎవరైనా నమ్ముతారేమోనని భయం.

అక్కణ్ణుంచి నేరుగా బావ ఇంటికి వెళ్ళాను. బావ అరుగు మీద కూలర్‌లో నీళ్ళు పోస్తున్నాడు. "ఏరా బామ్మర్దీ, దండ తీసేశావా, మెళ్ళోనే ఉంచుకున్నావా?" అన్నాడు. అక్క లోపల టీ పెడుతోంది.

నేను నిలబడే చెప్పాను. మిల్లు, పట్టాలు, ప్రెస్సులో చప్పుడు, అరిగిన అచ్చులు. బావ నవ్వుతూనే ఉన్నాడు. "వదిలేయరా, ముసలాయన సంతోషపడ్డాడుగా, చాలు."

"కట్టలు నీ షెడ్డు గోడవారనే పెట్టాను బావా. మీద గోనెసంచులు."

బకెట్టు కింద పెట్టాడు. "గేట్ల పనికన్నావు."

"అవును."

"గేట్లు ఏవి మరి?"

"లేవు."

అతని మొహం ఎర్రబడటం నేను అంతకుముందు చూడలేదు. "జ్వరంలో చెడగొట్టాడని ఊరంతా చెప్పింది ఎవర్రా? నేను. నీ మాట పట్టుకుని. భిలాయ్‌లో చెప్పాను, బిలాస్‌పూర్‌లో చెప్పాను. ఆ అధికారి ముందు స్పృహలో లేడన్నాను. మా పెద్దాడి పెళ్ళికి ఆయన్ని పిలవలేదురా నేను! వస్తే ఎవరైనా ఏమైనా అంటారని, ఆయన పరువు కాపాడుతున్నాననుకుని!" బకెట్టుని కాలితో తన్నాడు. నీళ్ళు నా చెప్పుల దాకా వచ్చాయి. "ఫో. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు."

అక్క టీ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడి అంతా వింది. నా వైపు ఒకసారి చూసి, గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం టాటీబంధ్‌లో లారీలు బారులు తీరి ఉన్నాయి. బాబాయి ఒక డ్రైవరుకి తాడు కొలుస్తున్నాడు. పక్కన నిలబడి జరిగింది చెప్పాను.

"తిట్టినాడా?"

"తిట్టాడు. ఇంటికి రావద్దన్నాడు."

"మీ అక్క?"

"మాట్లాడలేదు. టీ వెనక్కి తీసుకుపోయింది."

బాబాయి తాడు కోసి, చుట్ట చుట్టి డ్రైవరు చేతిలో పెట్టాడు. "అయితే ఒకడు నమ్మినాడన్నమాట," అన్నాడు. నన్ను కూర్చోమనలేదు. "తర్వాత ఎవురింటికి?"

"దండ వేసినాయన ఇంటికి."

"ఊస సంగతి ముందు సెప్పు. నా పేరు తర్వాత," అని ఇంకో డ్రైవరు వైపు తిరిగాడు.